రాజవైద్యుడి నాలుక

డాక్టర్ ఆంబ్రోస్ రెన్విక్ చనిపోయాడన్న కబురు వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఆ మాట దాచను. ఇరవై రెండేళ్ల క్రితం వైద్యుడి పట్టా కోసం నేను ఐదుగురు పెద్దల ముందు నిలబడితే, వాళ్లలో ఒకడిగా కూర్చుని, ఒకే ఒక్క ప్రశ్న వేసి, నా జవాబుకి అందరూ వినేలా నవ్వి ఇంటికి పంపించిన మనిషి ఆయన. బతికున్నవాళ్లకి వైద్యం చేసే రాత నాకు లేకపోయింది. చచ్చినవాళ్లు ఎలా చచ్చారో తేల్చే ఉద్యోగం మాత్రం దొరికింది. రాజభవనం గోడల లోపల ఎవరు అనుమానంగా పోయినా విచారణ నాది.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు. పెద్దరాణిగారి, అంటే రాజుగారి తల్లిగారి, పడకగదిని ఆనుకున్న మందుల గదిలో శవం ఇంకా కుర్చీలో కూర్చునే ఉంది. దాని ఎదురుగా సర్ మైల్స్ డేకర్ నిలబడి ఉన్నాడు. రాజుగారి అంగరక్షకులకి కెప్టెన్.

"ఆలస్యంగా వచ్చావు హార్లో. నీకు పనేమీ మిగల్లేదు" అన్నాడు. "విషప్రయోగం. చేసిన మనిషి దొరికింది. సంతకం పెట్టి వెళ్లు, భోజనం చల్లారిపోతుంది."

"ఎవరా మనిషి?"

"మందులు నూరే ఉర్సులా ఫెన్. పదకొండింటికే పట్టుకున్నాం. నాలుగింటికి నదిలో ఆటు మొదలవగానే పడవలో కోటకి పంపిస్తున్నాను. అక్కడ రెండు రోజులుంటే, దాని వెనక ఎవరెవరున్నారో పేర్లన్నీ వాటంతటవే వస్తాయి."

"వస్తాయి. నీకు కావలసినవే వస్తాయి."

డేకర్ ఆ మాట పట్టించుకోలేదు. జరిగింది తన లెక్కలో చెప్పాడు. రోజూ తొమ్మిదింటికి రెన్విక్ పెద్దరాణి మందు కలిపి, ముందు తను గుక్కెడు తాగి, ఇసుక గడియారం తిరగేసి అరగంట కూర్చుంటాడు. ఆ అరగంటా తను బతికుంటే మందు ఆమె దగ్గరికి వెళ్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. రాజవైద్యుడంటే ఊళ్లో జనం పట్టు అంగీ, బంగారు గొలుసూ అనుకుంటారు. అసలు ఉద్యోగం ఆ కుర్చీ.

"ఈవేళ తొమ్మిదింటికి తాగాడు. పదిన్నరకి చచ్చి ఉన్నాడు. పెద్దరాణిగారు గిన్నె ముట్టలేదు. ముసలాడు తన ప్రాణం ఇచ్చి ఆవిడ ప్రాణం కాపాడాడు. ఆ కుట్రని నేను పట్టుకున్నాను. రాజుగారికి అలాగే విన్నవించాను."

"అప్పుడే విన్నవించేశావా?"

"ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు."

ఇక చెప్పేదేముంది? భుజం మీద ఒకసారి రాజుగారి చెయ్యి పడ్డాక, నాదే పొరపాటు అని వెనక్కి వెళ్లి చెప్పినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

శవం దగ్గరికి వెళ్లాను. రెన్విక్ చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. వైద్యుడి వేళ్లకి ఎప్పుడూ ఏదో ఒక మందు మరక ఉంటుంది. ఈ వేళ్లు గోళ్ల సందుల దాకా తోమి తోమి కడిగినవి. మూలనున్న పళ్లెంలో సబ్బు నురుగు పేరుకున్న నీళ్లు ఉన్నాయి. కుర్చీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర అలమారులో వాంతి మందు సీసా ఉంది. విషం మింగినవాడికి ముందుగా పట్టేది అదే. దాని మూతకి వేసిన లక్క చెక్కు చెదరలేదు.

మందు వెచ్చబెట్టే కుంపటిలో బొగ్గులు ఆరిపోయాయి. బూడిద కెలికాను. చిటికెన వేలి గోరంత ఇత్తడి బందులు రెండు, ఒక కొక్కెం బయటపడ్డాయి. చిన్న చెక్క డబ్బా ఏదో అందులో కాలింది.

ఇక నోరు. పళ్లు సగం నల్లబడి ఉన్నాయి. లోపలి పంటి సందులో ఒక నార ఇరుక్కుని ఉంది. పటకారుతో లాగి చూస్తే, పంచదార పాకం పట్టిన నారింజ తొక్క. దాన్ని నా నాలుక చివరకి తాకించి వెంటనే ఉమ్మేశాను. అయినా రెండు నిమిషాల్లో నాలుక చివర చీమలు పాకినట్టయింది. తర్వాత తిమ్మిరెక్కింది.

ఇరవై రెండేళ్ల నాటి ఆ ప్రశ్న ఇదే. 'వసనాభి వేరు తిన్నవాడికి మొట్టమొదట ఎక్కడ తెలుస్తుంది?' కడుపులో అన్నాను నేను. రెన్విక్ నవ్వాడు. 'నాలుక మీదండీ. కడుపుకి తెలిసేసరికి మీ రోగి మీ దగ్గర సెలవు పుచ్చుకుంటాడు.'

"శవం నోట్లో ఏం వెతుకుతున్నావు?" అన్నాడు డేకర్.

"పెద్దరాణి మందులో నారింజ తొక్క వేస్తారా?"

"నాకేం తెలుసు?"

"అదేదో పదకొండింటికి ముందు తెలుసుకోవలసింది."

డేకర్ ముఖం ఎర్రబడింది. నేను నడవలోకి వచ్చేశాను.

పెద్దరాణికి గిన్నె అందించే పరిచారకుడు ఓట్వే అక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నన్ను చూసి గోడకి మరింత దగ్గరగా జరిగాడు. వెనక మేకుకి వెండి గిన్నె బోర్లించి వేలాడుతోంది.

"గిన్నె కడిగావు ఓట్వే."

"అవునయ్యా."

"పెద్దరాణిగారు తాగాకే కదా కడిగి మేకుకి వేస్తావు? ఆవిడ ముట్టకపోతే ఎందుకు కడిగావు?"

అతను కెప్టెన్ ఉన్న తలుపు వైపు చూశాడు. "తాగలేదని చెప్పమన్నారయ్యా."

"నేను అడిగింది అది కాదు."

"తాగారు" అన్నాడు గొంతు తగ్గించి. "తొమ్మిదిన్నరకి. చుక్క మిగల్చలేదు. ఆవిడకి గుర్తుండదు కదయ్యా. పదింటికి మళ్లీ నా మందేదని అడిగారు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"బాతు మాంసం తింటున్నారు. ఉప్పు తక్కువైందని వంటవాణ్ణి తిడుతున్నారు."

"గిన్నె నీ చేతికి డాక్టరే ఇచ్చాడా?"

"అదే విచిత్రమయ్యా. రోజూ ఆయనే పోసి, అంచు తుడిచి ఇచ్చేవారు. ఈవేళ కుర్చీలోంచి లేవలేదు. 'నువ్వే పొయ్యి ఓట్వే, నేను ముట్టుకోను' అన్నారు. చేతులు తడిగా ఉన్నాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. పళ్లనొప్పేమో అనుకున్నాను. ఆ మందులన్నీ రుచి చూసీ చూసీ పళ్లు పాడైపోయాయి ఆయనకి."

"నారింజ తొక్కలు ఎవరిచ్చారు?"

"ఆయన భార్య. మార్జరీ అమ్మగారు. మందు చేదు పోవడానికని ప్రతి శుక్రవారం చెక్క డబ్బాలో పంపేవారు. జనవరిలో వాళ్లమ్మాయి పోయిన దగ్గర్నుంచీ మానేశారు. ఐదు నెలలయ్యా. ఈవేళ పొద్దున మళ్లీ వచ్చింది." ఓట్వే కళ్లు తుడుచుకున్నాడు. "ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని నాకు చూపించారు. 'మార్జరీ మళ్లీ పంపింది చూశావా' అన్నారు. ఆయన నవ్వడం నేను చూసి చాలా రోజులైంది."

కింద ద్వారపాలకుల గదిలో ఉర్సులా ఫెన్‌ని బెంచీకి కట్టి ఉంచారు. నలభై ఏళ్ల విధవరాలు. కుడిచేతి రెండు వేళ్లకి రక్తం ఇంకిన గుడ్డ చుట్టి ఉంది. కోటకి వెళ్లకముందే పని మొదలుపెట్టారన్నమాట.

"నా వెనక ఎవరున్నారని అడుగుతున్నారయ్యా" అంది. "నా వెనక గోడ ఉంది. అదే చెప్పాను. వేళ్లు విరిచారు."

"రెన్విక్ కూతురు ఎలా పోయింది?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు.

"మచ్చల జ్వరం. పందొమ్మిదేళ్లు. సెసిలీ అని, బంగారం లాంటి పిల్ల. ఇల్లు ఇక్కడికి మైలున్నర. జ్వరం ఉన్న ఇంట్లో అడుగుపెట్టినవాడు నలభై రోజులు పెద్దరాణి గుమ్మం తొక్కకూడదు. అది రూలు. ఆయన వెళ్లలేదు. ఏడు రోజుల్లో తొమ్మిది మందు చీటీలు రాశారు. తొమ్మిదీ నేనే మోసుకెళ్లి గుమ్మం బయట ఇచ్చాను. ఆఖరిది ఇస్తే అమ్మగారు విప్పలేదు. 'నడిచి రాలేనివాడు రాసింది నాకెందుకు' అంది."

"నలభై రోజులు సెలవు దొరకదా?"

"ఎందుకు దొరకదు? తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకడు ఉంటాడు. ముగ్గురు కాచుకుని ఉన్నారు." ఆమె విరిగిన వేళ్లని రెండో చేత్తో పట్టుకుంది. "ఆయన చెడ్డవాడు కాదయ్యా. భయస్తుడు. ఇక్కడ ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదు."

రెండు కావస్తోంది. మెట్ల దగ్గర డేకర్ అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి?"

"పెద్దరాణి మందు తాగింది డేకర్. ఇప్పుడు బాతు తింటోంది. మందులో విషం లేదు. ఉర్సులాని విడిచిపెట్టు."

"తాగినట్టు ఆవిడకి గుర్తు లేదు."

"ఓట్వేకి ఉంది."

"ఓట్వేకి కూడా లేకుండా చేస్తాను" అన్నాడు తాపీగా. "నువ్వు వైద్యుడివి కాలేకపోయావు, ఆ కసి ఇక్కడ తీర్చుకోకు. ఎక్కడికో చెప్పనే లేదు."

"భోజనానికి" అని చెప్పి దిగిపోయాను.

రెన్విక్ ఇల్లు చేపల బజారు మీది రెండో అంతస్తు. శుక్రవారం కావడంతో కింద వీధి కిటకిటలాడుతోంది. తలుపు తీసిన మార్జరీ రెన్విక్‌కి యాభై ఐదు ఉంటాయి. నల్ల బట్టల్లో ఉంది. కానీ అవి మొగుడి కోసం కట్టినవి కావు. జనవరి నుంచి కట్టుకుంటున్నవి, మోచేతుల దగ్గర పాతబడ్డాయి.

"పోయాడా?" అంది, నేను నోరు తెరవక ముందే.

"పదిన్నరకి. నేను విచారణాధికారిని. హార్లో అంటారు."

"కూర్చోండి." ఆమె బల్లకి అటువైపు కూర్చుంది. "ఎన్ని ముక్కలు తిన్నాడు?"

ఇరవై ఏళ్లలో నేను అడగకుండానే ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే.

"ఒకటే అయ్యుంటుంది. ఎందుకు చేశారమ్మా?"

"పొద్దున లేస్తే పెద్దరాణి మూత్రం రంగు చూసేవాడు. మా అమ్మాయి ముఖం రంగు ఎప్పుడు మారిందో ఆయనకి తెలీదు. ఏడు రోజులు 'నాన్న వచ్చాడా' అని అడిగింది. దార్లో ఉన్నాడు అన్నాను. ఏడు రోజులూ అదే అబద్ధం చెప్పాను. చివరికి అది నమ్మడం మానేసి, నన్ను బాధపెట్టకూడదని నమ్మినట్టు నటించింది. చచ్చేదాకా నటించింది. అంతే. ఇంకేం చెప్పమంటారు?"

నేను చెప్పకుండా ఊరుకోవలసింది. కానీ నా ఉద్యోగం నిజం చెప్పడం. పైగా, ఎందుకో, ఆ మనిషి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలనిపించింది.

"ఆయనకి తెలుసమ్మా. మొదటి ముక్క నమిలిన నాలుగైదు నిమిషాలకే తెలిసిపోయింది. వసనాభి ఎక్కడ తెలుస్తుందో ఆయనకంటే బాగా ఎరిగినవాడు ఈ దేశంలో లేడు. చెయ్యి చాపితే వాంతి మందు ఉంది. ముట్టుకోలేదు. లేచి, మిగతా ముక్కలు డబ్బాతో సహా కుంపటిలో వేశాడు, అది ఎవరు పంపారో ఎవరూ చూడకుండా. పెద్దరాణి గిన్నెకి అంటకూడదని చేతులు తోముకున్నాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. గంటకి పైనే. ఆ విషం మతి పోగొట్టదు. చివరిదాకా అన్నీ తెలుస్తూనే ఉంటాయి. గోడ అవతలే మనుషులున్నారు. ఎవర్నీ పిలవలేదు."

ఆమె చేతులు బల్ల మీద అలాగే ఉండిపోయాయి. కింద ఎవరో చేపల ధర కోసం దెబ్బలాడుకుంటున్నారు.

"గంట" అంది. "ఆ గంటే మా పిల్ల మంచం పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది."

ఆమె కిటికీ వైపు ఒకసారి చూసి మళ్లీ నా వైపు తిరిగింది.

"ఇప్పుడు కూడా నాతో ఒక్క మాట చెప్పకుండా పోయాడు చూడండి. నన్ను క్షమించాననా? తనని క్షమించమనా? ఏమని అనుకోను? దీన్ని పెట్టుకుని నేనేం చెయ్యను అయ్యా?"

"బతకొచ్చు" అన్నాను. ముందుకి వంగి, గొంతు తగ్గించాను. "ఉర్సులా ఫెన్‌ని నాలుగింటికి కోటకి తీసుకెళ్తున్నారు. రెండు వేళ్లు ఇప్పటికే విరిచారు. నేను ఆత్మహత్య అని తీర్పు రాయగలను. అందులో సగం నిజమే. ఆయన శవాన్ని చర్చిలో పెట్టనివ్వరు, నాలుగు దారులు కలిసే చోట గుండెలో మేకు దిగ్గొట్టి పూడుస్తారు. ఈ ఇల్లు రాజుగారికి పోతుంది. కానీ ఉర్సులా బయటికొస్తుంది. మీరూ బతుకుతారు."

"ఉన్నదున్నట్టు రాస్తే?"

"మొగుణ్ణి చంపిన ఆడదాన్ని ఉరి తియ్యరమ్మా. కట్టెకి కట్టి కాలుస్తారు."

నిన్నటిదాకా రెన్విక్ గుండెలో ఆ మేకు నేనే దిగ్గొట్టేవాణ్ణి, సుత్తి ఇస్తే. ఈవేళ ఆ మాట అంటుంటే నోరు చేదుగా ఉంది.

మార్జరీ తల అడ్డంగా ఊపింది. "సెసిలీ కోసం నేను చేసిన పని ఇదొక్కటే. దీన్ని కూడా ఆయన పేరున రాయకండి."

"మీకు అర్థం కాలేదు—"

"అర్థమైంది. కాలుస్తారన్నారు. విన్నాను."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని డేకర్ లోపలికి వచ్చాడు, ఒక్కడే. అప్పటికే కాసేపు మెట్ల మీద నిలబడి విన్నాడేమో, ముఖంలో ఆశ్చర్యం లేదు. తలుపు మూసి లోపల గడియ వేశాడు. కత్తి దూసి బల్ల మీద, మా ఇద్దరి మధ్య, అడ్డంగా పెట్టాడు.

"ఓట్వేని కదిపితే అంతా కక్కేశాడు" అన్నాడు. "ఏం రాశావో ఇలా ఇవ్వు."

"ఇంకా ఏం రాయలేదు. దోషి ఈమె. ఒప్పుకుంది. నీకు కావలసింది దొరికిందిగా."

"నాకా? మొగుణ్ణి చంపిన పెళ్లాం ఎవరికి కావాలి హార్లో? ఊళ్లో వారానికొకతె దొరుకుతుంది. రాజుగారికి నేను కుట్ర చూపించాను. ఇప్పుడు వెళ్లి, కాదు ప్రభూ, ఇది వంటింటి గొడవ అని చెప్పనా? నాలుగింటికి పడవ వెళ్తుంది. అది కనుమరుగయ్యేదాకా మీరిద్దరూ ఈ గది దాటరు. ఆ తర్వాత మీ సంగతి ఆలోచిస్తాను. అమ్మగారిని ఎవరూ వెతకరు. నిన్నూ వెతకరనుకుంటా."

"విచారణాధికారిని మాయం చేస్తే అడిగేవాళ్లుంటారు."

"ఉంటారు. ఎవరి మాట నమ్ముతారో చూద్దాం."

మార్జరీ లేచింది. అతను కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఆమె తలుపు వైపు పోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది. ఉక్కపోస్తోందేమో అనుకున్నట్టున్నాడు డేకర్, కదల్లేదు. నేనూ అలాగే అనుకున్నాను. ఆమె రెండు రెక్కలూ బార్లా తీసింది.

"ఆలిస్" అని పిలిచింది కింద చేపలు కోస్తున్న మనిషిని. పొరుగింటావిణ్ణి చక్కెర అడిగేటంత మామూలుగా పిలిచింది. "పని ఆపి వినండి. అందరూ వినండి. నేను మార్జరీ రెన్విక్‌ని, రాజవైద్యుడి భార్యని. ఈవేళ పొద్దున నా మొగుణ్ణి నేనే చంపాను. నారింజ తొక్కల్లో వసనాభి పెట్టి పంపాను. మందులు నూరే ఉర్సులాకి ఏ పాపం తెలీదు. ఆమెని కొడుతున్నారు. కెప్టెన్ డేకర్ ఇక్కడే నా వెనక కత్తి పెట్టుకుని నిలబడ్డాడు."

కింద కత్తుల చప్పుడు ఆగిపోయింది. డేకర్ రెండంగల్లో వెళ్లి ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగాడు. లాగుతూ ఉండగానే ఆమె ఉర్సులా పేరు ఇంకోసారి చెప్పింది. వీధిలో వంద ముఖాలు పైకి లేచి ఉన్నాయి. వాళ్లలో కొందరు అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నారు.

"ఆమెని వదులు డేకర్" అన్నాను. "ఎక్కడైనా పన్నెండు మంది ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి విచారణ జరిపే హక్కు నాకుంది. పన్నెండు మందికి పైనే వస్తున్నారు."

అతను వదిలాడు. కత్తి తీసి ఒరలో పెట్టుకున్నాడు. ఏమాత్రం తొందర లేదు. నాకు భయం వేసింది అందుకే.

"సరే. ఈమెని వాళ్లు కాలుస్తారు" అన్నాడు నా చెవి దగ్గర. "ఓట్వే ఇప్పుడు నా మనుషుల దగ్గర ఉన్నాడు. సాయంత్రానికి అతను ఏం చెప్తాడో తెలుసా? మందులో విషం కలపమని తనకి డబ్బిచ్చింది నువ్వు. పట్టా ఇవ్వనందుకు ఇరవై రెండేళ్లుగా రెన్విక్ మీద నీకున్న కసి లండన్‌లో ఎవరికి తెలీదు?"

తలుపు మీద పిడికిళ్లు పడ్డాయి. ఎవరో మార్జరీని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆమె జబ్బ రుద్దుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మూడున్నర కావస్తోంది" అంది. "ఉర్సులాకి టైము లేదు. రాసుకోండి."

నేను లేచి వెళ్లి గడియ తీశాను.